పాత కేసు కట్టలకు గడువు: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివరి వారం

బర్కత్‌పురాలో మా ఆఫీసున్న ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చేశారు. ఓనరు మంచాయనే, దసరా దాకా టైమిచ్చారు. నల్లకుంటలో దొరికిన కొత్త ఫ్లాటులో రెండు గదులు, ఒక హాలు. అటక లేదు. ఇక్కడేమో అటక నిండా, వెనక వరండా నిండా, బాత్రూం పక్క సందు నిండా కేసు కట్టలే. మాది ఆడవాళ్లకీ పిల్లలకీ ఉచితంగా కేసులు నడిపే చిన్న సొసైటీ. 1990ల మొదట్లో మొదలైంది. అప్పటి నుంచి ఒక్క కాగితం పారేసిన పాపాన పోలేదు.

కమిటీ అడిగింది ఒకటే: "ఎన్నేళ్లు ఉంచాలో ఒక నంబరు చెప్పండి, అంతకంటే పాతవి తీసేద్దాం." ట్రెజరర్ సారు నంబరు కూడా రాసుకొచ్చారు, ఎనిమిదేళ్లని. ఎక్కడిదండీ అంటే, ఆయన ఇదివరకు చేసిన కంపెనీలో అంతేనట. ఆ లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ ఖాతా పుస్తకాలని ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది. మాది కంపెనీ కాదు, విడాకుల ఫైలు ఖాతా పుస్తకమూ కాదు. ఇంకొకాయన జీఎస్టీ లెక్కన ఆరేళ్లు చాలన్నారు. ఆ చట్టం 36వ సెక్షన్ చెప్పేది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. కానీ అందులోనే ఇంకో ముక్కుంది. అప్పీలో విచారణో నడుస్తుంటే, అది తేలాక ఏడాది లేదా ఆ 72 నెలలు, ఏది తర్వాతైతే అప్పటిదాకా ఉంచాలి. పన్ను చట్టం రాసినవాళ్లకి కూడా అంకె ఒక్కటే చాలదని తెలుసన్నమాట.

పని నా నెత్తిన పడింది. సాయానికి ముగ్గురున్నారు. సీనియర్ మేడం హైకోర్టులో ప్రాక్టీసు. జూనియర్ అమ్మాయి లా అయిపోయి ఏడాదైంది. మూడోవారు చాచా. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులో ఒక పెద్ద లాయరు దగ్గర జీవితమంతా గుమాస్తాగా చేసి, ఇప్పుడు సాయంత్రాలు మా దగ్గరకొచ్చి కూర్చుంటారు.

మే మొదటి వారం

ముందు ఏమేం ఉన్నాయో రాసుకోవాలి. రిజిస్టర్లయితే ఉన్నాయి. కాకపోతే 2000కి ముందువి ఇంటిపేరు వరసలో, ఆ తర్వాతవి కేసు నంబరు వరసలో, 2011 నుంచి కంప్యూటరులో. సివిల్ దావాలు (ఓఎస్), విడాకుల్లాంటి పిటిషన్లు (ఓపీ), మెయింటెనెన్స్ కేసులు (ఎంసీ), గృహహింస కేసులు (డీవీసీ), క్రిమినల్ కేసులు (సీసీ), రోడ్డు ప్రమాద పరిహారం కేసులు (ఎంవీఓపీ), డిక్రీ అమలు పిటిషన్లు (ఈపీ), రిట్లు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

కోర్టుల పేర్లు ఇంకో చిక్కు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి, 2022 జూన్ 2న జుడీషియల్ జిల్లాలు 33 అయ్యాయి. మా రిజిస్టరులో "రంగారెడ్డి" అని ఉన్న కేసు రికార్డు ఇవాళ ఎల్బీనగర్‌లోనే ఉందో, మల్కాజ్‌గిరి వైపు పోయిందో కట్ట చూసి చెప్పలేం. అందుకని పట్టికలో "రికార్డు ఇప్పుడు ఏ కోర్టులో" అని ఒక గడి పెట్టించాను. జూనియర్ మూతి ముడిచింది. ఆ గడి నింపాల్సింది తనే మరి.

ఒక కట్ట విప్పి చూద్దామని మధ్యలోంచి లాగాం. 1998 నాటి ఎంసీ, మెయింటెనెన్స్ కేసు. పైన ఖాకీ రంగు డాకెట్ షీటు, వాయిదా తేదీలు ఎర్ర సిరాతో. దాని కింద వకాలత్ కాపీ, పిటిషన్ కార్బన్ కాపీ, అవతలివాళ్లు జవాబుగా వేసిన కౌంటరు, పోస్టాఫీసు రసీదులు, సంతకం చేసి తిరిగొచ్చిన అక్నాలెడ్జిమెంటు కార్డు. పెళ్లి పత్రిక పసుపు మరకతో సహా ఉంది. ఇద్దరి పెళ్లి ఫోటో ఉంది, పిన్ను తుప్పు పెళ్లికొడుకు భుజమ్మీద అంటుకుంది. ఫ్యాక్సులో వచ్చిన కాగితం ఒకటి తెల్లగా, ఖాళీగా ఉంది. థర్మల్ పేపరు మీద అక్షరం అన్నాళ్లు నిలవదు. చివర ఆర్డరు కాపీ: భార్యకు నెలకు 500 రూపాయలు.

ఐదొందలేంటి అంది జూనియర్. అప్పట్లో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125 కింద గరిష్ఠం అంతే. 2001 సవరణతో ఆ పరిమితి ఎత్తేశారు. ఆవిడకి ఐదొందలు రాయించడం అప్పటికి గెలుపే.

ట్రెజరర్ సారు లెక్కలో ఈ ఫైలు ఎప్పుడో తూకానికి పోవాలి. కానీ ఆ ఆర్డరు ఇంకా బతికే ఉంది. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకోలేదు, ఆయన పోలేదు, ఎవరూ రద్దు చేయించలేదు. పెంచమని ఇవాళ అడగొచ్చు. దానికి వీలిచ్చిన పాత సెక్షన్ 127 స్థానంలో కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 146 వచ్చింది. నిజంగానే ఆవిడ పోయినేడాది ఫోన్ చేసిందని మేడం చెప్పారు. మందుల ఖర్చు పెరిగిందట. సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టాలంటే కేసు నంబరు కావాలి. ఆ నంబరు ఈ కట్ట మీద తప్ప ఆవిడ దగ్గర ఎక్కడా లేదు.

మే మూడో వారం

ఒక ఫైలుతో ఎన్నేళ్లదాకా పని పడొచ్చో తేలాలంటే దేనికి ఎన్నేళ్లలోపు కోర్టుకెళ్లాలో చూడాలి. అది చెప్పే 1963 లిమిటేషన్ చట్టం షెడ్యూలుని మేడం ఛాంబర్లో కూర్చుని ముందేసుకున్నాం. అంకెలు తీయడం గంట పని. ఒప్పందం మీద డబ్బు దావాకి మూడేళ్లు. హక్కుని బట్టి స్థిరాస్తి స్వాధీనం అడగడానికి 12. తనఖా విడిపించుకోవడానికి 30. సివిల్ డిక్రీ అమలుకి 136వ ఆర్టికల్ కింద 12. ఫలానా పని ఎప్పటికీ చేయకూడదని ఆపే శాశ్వత ఇంజంక్షన్ డిక్రీ అమలుకైతే గడువే లేదు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి "అయిపోయిన కేసు" అని మా రిజిస్టరులో గీత కొట్టేసి ఉంది. ఆ అవార్డూ డిక్రీతో సమానమే, దానికీ 12 ఏళ్లు నడుస్తుంది.

తర్వాతే అసలు తగువు వచ్చింది. ఈ మూడూ పన్నెండూ ఏ రోజు నుంచి?

మా రిజిస్టరులో "క్లోజ్డ్" అనే గడి ఉంది. దాంట్లో ఒక్కొక్కరు ఒక్కో తేదీ వేశారు. కొందరు తీర్పు తేదీ, కొందరు క్లయింటు ఆఖరిసారి వచ్చిన తేదీ, ఒక కాలంలో పనిచేసిన కుర్రాడైతే కట్ట అటకెక్కించిన తేదీ. చాచా నవ్వారు.

"తీర్పొచ్చిన దినం కేసు అయిపోతదా బిడ్డా? ఓడినోడు అప్పీలుకు పోతడు. గెలిచినోనికి పైసలు రావాలె. కోర్టుల అసలు పని గప్పుడే మొదలైతది."

అప్పీలు సంగతే చూడండి. జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. గడువు దాటినా ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 5 కింద అడగొచ్చు, కోర్టులు మన్నిస్తూనే ఉంటాయి. కాబట్టి తీర్పు తర్వాత 90 రోజులకి గీత కొట్టేస్తే కుదరదు. డిక్రీలో "నెల నెలా ఇంత" అని ఉంటే 136 ప్రకారం పన్నెండేళ్లు మొదలయ్యేది డిక్రీ తేదీన కాదు, ఎగ్గొట్టిన ప్రతి వాయిదా నుంచి దానికది. సెక్షన్ 125 ఆర్డరు కింద బకాయికి ఇంకో దారి, బాకీ పడ్డ రోజు నుంచి ఏడాదిలోపు వారంటుకి అడగాలి. భార్యాభర్తల మధ్య అదే డబ్బు, అదే నెలకింత. ఏ చట్టం కింద వచ్చిందన్న దాన్ని బట్టి కాలం లెక్క మారిపోతుంది.

పిల్లల కేసులు ఇంకా చిక్కు. యాక్సిడెంటులో తండ్రి పోయిన పిల్లాడికి ఎంవీఓపీలో పరిహారం వస్తే, వాడి వాటా మేజరయ్యేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తారు. నాలుగేళ్లప్పుడు తీర్పొస్తే ఆ డబ్బు చేతికొచ్చేది మరో 14 ఏళ్లకి. అప్పుడు బ్యాంకువాళ్లు ఆర్డరు కాపీ అడుగుతారు, తల్లి మా దగ్గరకే వస్తుంది. మైనర్లకి మేజరయ్యాకే గడువు లెక్కపెట్టుకునే వెసులుబాటు లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ ఇచ్చింది, 8వ సెక్షన్ దానికి మేజరైన మూడేళ్ల హద్దు పెట్టింది. అందుకే ఈ ఫైళ్లకి మేం రాసుకున్నది: తీర్పు నుంచి 12 ఏళ్లు లేదా అందరికంటే చిన్న పిల్లకో పిల్లాడికో 21 నిండే రోజు, ఏది తర్వాతైతే అది. దాని మీద ఇంకో ఏడాది. రిజిస్టరులో పుట్టిన తేదీకి గడి లేదు. పెట్టించాం.

లేచేముందు మేడం ఇంకొకటి గుర్తుచేశారు. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు లిమిటేషన్ లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మధ్యలో గడియారం నడుస్తున్న ప్రతి ఫైలుకీ దాదాపు రెండేళ్లు కలపాలి. కంప్యూటరు పట్టికలో సూత్రం రాసిన జూనియర్ దాన్ని మళ్లీ రాసుకుంది.

ఆ రాత్రి కమిటీ గ్రూపులో మెసేజ్ పెట్టాను: ఒక్క నంబరు ఇవ్వడం కుదరదు, ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో చెప్పే పట్టిక ఇస్తాను అని. ట్రెజరర్ సారు బొటనవేలు గుర్తు పెట్టారు. ఒప్పుకున్నారో, చూశానన్నారో తెలీలేదు.

జూన్ మొదటి వారం

ఇంత తలనొప్పి ఎందుకు, కొత్త ఫ్లాటులో ఒక గది నిండా ర్యాకులేసి అన్నీ ఉంచేద్దాం అన్న మాట వచ్చింది. అన్నది మా వ్యవస్థాపకుల్లో ఒకరు, పెద్దావిడ. "ఇవి మన కష్టం" అన్నారు. కాదనలేను.

కానీ అన్నీ ఉంచడం కూడా ఒక నిర్ణయమే, దాని బరువు మోసేది మేం కాదు. ఈ కట్టల్లో మెడికల్ రిపోర్టులున్నాయి, కొట్టిన దెబ్బల ఫోటోలున్నాయి, ఇల్లొదిలి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకున్న అడ్రసులున్నాయి. ఈ మధ్యే ఒకాయన వచ్చి ఫలానా ఆవిడకి తమ్ముణ్నని చెప్పి, "అక్క పాత కేసు ఫైలు ఒకసారి చూస్తా" అన్నాడు. రిసెప్షన్లో ఉన్న అమ్మాయి గట్టిది, చూపించలేదు. ఆవిడకి ఫోన్ చేస్తే, తమ్ముడే లేడంది. ఆ కేసు ఎప్పుడో ముగిసింది, డిక్రీ అమలు కూడా అయిపోయింది. ఆ ఫైలు మా దగ్గర ఇంకా ఉండటం వల్ల ఆవిడకి ఒరిగేదేమీ లేదు, ప్రమాదం మాత్రం ఉంది.

బాలనేరస్తుల కేసులకి చట్టమే దారి చూపించింది. జువైనల్ జస్టిస్ చట్టం 2015 సెక్షన్ 24 ప్రకారం, కొన్ని ఘోర నేరాలు మినహా, అప్పీలు గడువు తీరాకో నిర్ణీత కాలం తర్వాతో శిక్ష రికార్డుని నాశనం చేయాలి. ఆ ఆదేశం పోలీసులకీ కోర్టుకీ. అక్కడ చెరిపేసిన పేరు మా అటక మీద నిక్షేపంగా ఉంటే ఆ సెక్షన్‌కి అర్థమేముంది? ఈ ఫైళ్లకి పొడిగింపులు వద్దని మేడం గట్టిగా చెప్పారు. పెద్దావిడ కూడా దీనికి తల ఊపారు.

డేటా చట్టం, అంటే డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి జూనియర్ తీసింది. 2023లో చట్టమొచ్చింది, 2025 నవంబరులో నియమాలు నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. పని తీరాక సమాచారం చెరిపేయమనేది దాని సారం. చట్టపరమైన హక్కు కోసం వాడే సమాచారానికి మినహాయింపులున్నాయి, దాన్ని భద్రంగా దాచాల్సిన బాధ్యతకి మాత్రం లేదు. ఇందులో నన్ను ఆపింది ఇంకోటి: ఆ చట్టం డిజిటల్ సమాచారానికి వర్తిస్తుంది. కాగితంగా ఉన్నంతకాలం మా కట్ట దాని లెక్కలోకి రాదు, స్కాన్ చేసిన రోజు నుంచి వస్తుంది. "అన్నీ స్కాన్ కొట్టి పెట్టేద్దాం" అనేవాళ్లకి ఈ ముక్క చదివి వినిపించాను.

జూన్ చివరి వారం

వాన మొదలైంది. వరండాలో ఒక మూల కట్టలకి చెమ్మ పట్టింది, కింద వరసలో చెదలు. ఆ వరసని ముందు లోపలికి తెచ్చి, ఫ్యాను కింద కాగితం కాగితం ఆరబెట్టాం. ఇస్త్రీ పెట్టె వద్దని చాచా అరిచారు. పాత కార్బన్ కాపీ వేడికి పాడవుతుందట.

ఇప్పుడు చేస్తున్నది ఒరిజినల్స్ వేరు చేసే పని. గడువుల పట్టిక కంటే ఇదే ఎక్కువ కాలం తినేస్తోంది, తినాలి కూడా. క్లయింటు ఇచ్చిన అసలు కాగితం మాది కాదు; దానికి గడువేమిటి, తిరిగి ఇవ్వడమే. ఫీజు బాకీ ఉన్నా సరే లాయరు క్లయింటు కాగితాలు పట్టుకుని కూర్చోకూడదని 2000లో ఆర్‌.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మాది ఉచిత సేవ, ఆ సాకు కూడా లేదు. అయినా టెన్త్ మెమోలు, రేషన్ కార్డులు, బంగారం కొన్న బిల్లులు, ఒక కట్టలో కుట్టు మిషన్ వారంటీ కార్డు కూడా బయటపడ్డాయి. స్త్రీధనం జాబితాలో కుట్టు మిషన్ ఉంది మరి.

ఫోన్లు చేయడం మొదలెట్టాం. పాత ఫైళ్ల మీద ఏడంకెల ల్యాండ్‌లైను నంబర్లు. పక్కింటివాళ్ల నంబరు "పీపీ" అని రాసినవి. అడ్రసుల్లో "చింతచెట్టు పక్క సందు" అని ఉంటే ఆ చెట్టెక్కడ, ఆ సందెక్కడ. దొరికినవాళ్లలో కొందరు ఏడ్చారు, కొందరు "అవన్నీ ఇప్పుడెందుకు, పారేయండి" అన్నారు. అలా అన్నవాళ్లతో కూడా సంతకం పెట్టించుకునే పారేస్తాం.

ఒక ఫైలు దగ్గర మాత్రం ఆగిపోయాం. మెదక్ వైపు పల్లెటూరి ఆవిడ, భర్త పోయాక మరుదులతో భూమి తగాదా. అడుగున, ప్లాస్టిక్ కవరులో సాదా బైనామా. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం, రిజిస్ట్రేషన్ లేదు, వేలిముద్రలు, ఇద్దరు సాక్షుల సంతకాలు, 1989 తేదీ. కేసు రాజీ అయిపోయిందని రిజిస్టరు చెబుతోంది. కానీ తెలంగాణలో సాదా బైనామాల కథ అంత తేలిగ్గా ముగియదు. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు క్రమబద్ధీకరణకి దరఖాస్తులు తీసుకున్నారు, అవి ఏళ్ల తరబడి ఆగిపోయాయి, 2025లో వచ్చిన భూ భారతి చట్టంలో మళ్లీ వాటికి దారి పెట్టారు. ఆవిడకి ఇవాళ ఆ కాగితం ఎంత విలువైనదో చెప్పలేం.

పైగా అది ముప్పై ఏళ్లు దాటిన పత్రం. సరైన సంరక్షణలోంచి వచ్చిన ముప్పై ఏళ్ల పత్రం మీద సంతకం, రాత అసలువేనని కోర్టు అనుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో 90వ సెక్షన్, భారతీయ సాక్ష్య అధినియంలో 92. కాగితం పాతదైతే చాలదు, ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఎందుకుందో కూడా చెప్పగలగాలి. అందుకని తిరిగిచ్చే ప్రతి ఒరిజినల్‌కీ ఒక లేఖ జతచేస్తున్నాం: ఫలానా తేదీన ఫలానా కేసు కోసం మాకిచ్చారు, ఇప్పటిదాకా మా ఆఫీసు బీరువాలో ఉంది, ఇవాళ అప్పగించాం. మెదక్ ఆవిడ కొడుకు లింగంపల్లిలో ఆటో నడుపుతున్నాడు. తల్లిని తీసుకుని వచ్చాడు. ఆవిడ కవరు తీసుకుని, విప్పకుండానే కొంగులో ముడేసుకుంది.

జులై రెండో వారం

స్కానింగు. 300 డీపీఐ, ఫైలుకొక పీడీఎఫ్, పేరులో కేసు నంబరు, సంవత్సరం, కోర్టు. సిబ్బందిలో ఒకబ్బాయికి ఆశ: స్కాన్ చేశాం కాబట్టి కాగితం తీసేయొచ్చని. అన్నిటికీ కాదు. ఒరిజినల్ పోయిందనో నాశనమైందనో చెప్పి నకలు చూపించాలంటే, అది మన నిర్లక్ష్యం వల్ల జరగలేదని చూపించాలి. సాక్ష్య అధినియం 60వ సెక్షన్. మనమే చేతులారా చింపేసి "సార్, స్కాన్ ఉంది" అంటే అవతలి లాయరు ఊరుకుంటాడా? ఎలక్ట్రానిక్ కాపీకి 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తు, రాయాలి. కాబట్టి సంతకం ఉన్న కాగితాలు, రాజీ పత్రాలు, డబ్బు ముట్టినట్టు రసీదులు గడువు తీరేదాకా కాగితంగానే ఉంటాయి. వాయిదా చీటీలు, డ్రాఫ్టులు, డూప్లికేట్ జిరాక్సులు మాత్రం తీసేయొచ్చు. కట్ట సన్నబడింది చాలావరకు వీటితోనే. ఒకే కౌంటరుకి ఐదేసి జిరాక్సులు ఎవరు తీయించారో వాళ్లకే తెలియాలి.

వోచర్ల సంగతి ట్రెజరర్ సారే పట్టుకున్నారు, మెచ్చుకోవాలి. కోర్టు ఫీజు, సమన్లు అందించడానికి కట్టే బ్యాటా, ఆటో ఖర్చుల అసలు వోచర్లు కేసు ఫైల్లోనే కుట్టేసి ఉన్నాయి. మాలాంటి సంస్థల ఖాతాలకి ఆదాయపు పన్ను నియమాల్లో 2022లో చేరిన 17ఏఏ పదేళ్ల లెక్క చెప్పింది. నాలుగేళ్లకి తీసేయాల్సిన సలహా ఫైల్లో పదేళ్ల వోచరు కూర్చుంది. వోచర్లన్నీ ఊడదీసి అకౌంట్స్ వైపు పంపాం. ఆరోజు నుంచి ఆయన ఎనిమిదేళ్ల మాట ఎత్తలేదు.

2000ల మొదట్లో టైపు చేసిన పిటిషన్లు సీడీల్లో ఉన్నాయి. తెరిస్తే తెరమీద పిచ్చి గీతలు. అను ఫాంట్లలో చేసినవి, యూనికోడ్ కావు. ఆ ఫాంటున్న పాత కంప్యూటరు చిక్కడపల్లిలో ఒక డీటీపీ షాపులో దొరికింది. అక్కడ తెరిచి పీడీఎఫ్ చేయించాం. క్లయింట్ల కాగితాలు బయట షాపులో తెరవడమేంటని మేడం కోప్పడతారని ముందే ఊహించి, జూనియర్‌ని పక్కన కూర్చోబెట్టి, పనవగానే అక్కడ చెరిపించేశాం.

రెండో కాపీ ఎక్కడ పెట్టాలనేది కూడా తేల్చాం. 2009లో హైకోర్టు భవనంలో మంటలు లేచి గ్రంథాలయం కాలిపోయిన రోజు సిటీలో లాయర్లెవరూ మర్చిపోలేదు. చాచా ఆ మర్నాడు వెళ్లి చూశారట. ఒక హార్డ్ డిస్కు ఆఫీసులో, తాళం వేసిన ఇంకోటి మేడం ఇంట్లో. రెండింటికీ పాస్‌వర్డు.

ఆగస్టు

పట్టిక కమిటీ ముందుకెళ్లింది. ఎలా తేలిందో టూకీగా రాస్తాను. సలహా మాత్రమే ఇచ్చి పంపేసినవి, ఆఖరి రాక నుంచి మూడేళ్లు, పైన ఏడాది. ఎవరైనా మామీదే కేసు వేస్తే అన్న భయానికి కూడా అది సరిపోతుంది. డిక్రీ లేకుండా కొట్టేసినవీ వెనక్కి తీసుకున్నవీ, ఆఖరి అప్పీలు దారి మూసుకున్నాక నాలుగేళ్లు. డిక్రీ ఉన్నవి, డబ్బో స్వాధీనమో పూర్తిగా అందిందని కాగితం ఉంటే ఆ తేదీ నుంచి నాలుగేళ్లు, లేకపోతే డిక్రీ నుంచి పదిహేను. మెయింటెనెన్స్ ఆర్డర్లు, అది నడిచినంతకాలం, ఆ తర్వాత మూడేళ్లు. పిల్లలవి పైన చెప్పినట్టే. భూమివి, ఇంజంక్షన్లవి తీసేయం, సన్నబరుస్తాం. విడాకుల డిక్రీ కాపీ శాశ్వతం. మళ్లీ పెళ్లికి, పాస్‌పోర్టుకి, పెన్షన్‌కి ఆడవాళ్లు ఎప్పుడో వచ్చి అడుగుతారు. ఏ ఫైలు తీసేసినా ఒక పేజీ సారాంశం మిగులుతుంది: నంబరు, కోర్టు, ఏమైంది, ఏ తేదీన.

వీటన్నిటి మీద ఒక ఆపు. నోటీసొచ్చినా, పోలీసు అడిగినా, క్లయింటు ఫోన్ చేసి "మళ్లీ గొడవైంది" అన్నా, ఆ ఫైలు గడువుతో పని లేకుండా పక్కకి రావాలి, ఎర్ర ట్యాగు కట్టాలి. కోర్టులో చూపించాల్సి వస్తుందని తెలిసి కాగితం నాశనం చేయడం నేరం, కొత్త న్యాయ సంహితలో 241. ట్యాగు కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, విప్పడానికి మాత్రం మేడం సంతకం కావాలి.

చరిత్ర సంగతి మీద వాదన పొడుగ్గా సాగింది. చాచా తార్నాక ఆర్కైవ్స్ గురించి చెప్పారు. "షాజహాన్, ఔరంగజేబు జమానా కాగితాలు ఇంక ఆడ ఉన్నయి. గప్పుడు ఎవరో పనికిరాదని తగలబెడితే ఇయ్యాల చదవనీకె ఏముంటుండె?" పెద్దావిడ ముఖం వెలిగింది. నేను ఒప్పుకున్నాను, సగమే. మొదటి పదేళ్ల ఫైళ్లలోంచి కొన్ని ఎంచి, పేర్లూ అడ్రసులూ నల్లగా కొట్టేసి శాశ్వతంగా ఉంచుతాం. ఎంపిక పెద్దావిడది. ఎన్ని ఎంచుతారోనని నాకు భయంగానే ఉంది, కొత్త ఫ్లాటు ఆవిడ చూడలేదింకా.

తీసేయాల్సిన మొదటి విడత ష్రెడర్‌కి వెళ్లింది. కిలోల లెక్కన పాత పేపర్ల అతనికి అమ్మితే నాలుగు రూపాయలొస్తాయి కదా అన్నారొకరు. మిర్చి బజ్జీల పొట్లం విప్పితే ఎవరిదో అఫిడవిట్ కనపడటం ఈ ఊళ్లో అందరం చూసినదే. అద్దె ష్రెడర్ తెప్పించి మా ముందే చేయించాం. ముక్కలు మాత్రం అతనికే ఇచ్చాం. రిజిస్టరులో ఫైలు నంబరు, ఏ నియమం కింద తీశామో, ఇద్దరి సంతకాలు.

సెప్టెంబరు మొదటి వారం

కట్టలు నల్లకుంటకి చేరుతున్నాయి. ర్యాకులు మూడు గోడలకి సరిపోయాయి, ఇంకా కొంచెం చోటుంది. ప్రతి జనవరిలో గడువు తీరిన జాబితా తీసే పని జూనియర్‌ది.

తేలనిది వాట్సాప్. ఇప్పటి క్లయింట్లు పిటిషన్‌కి కావాల్సినవన్నీ లాయర్ల సొంత ఫోన్లకి పంపుతున్నారు. ఫోటోలు, వాయిస్ మెసేజులు, భర్త పంపిన బూతుల స్క్రీన్‌షాట్లు. ఫోన్ మారితే అవన్నీ పోతాయి, లాయరు సంస్థ వదిలి వెళ్తే అతనితోపాటే వెళ్తాయి. మా పట్టికలో దానికి గడీ లేదు, గడువూ లేదు. కేసుకో నంబరు ఇచ్చి ఆఫీసు ఫోన్‌కే పంపించమందామని మేడం. క్లయింట్లు అర్ధరాత్రి కొట్టించుకుని ఎవరికి పంపాలో నంబరు వెతుక్కోరు, తెలిసిన అక్కకే పంపుతారని జూనియర్. ఈ నెలంతా వచ్చిన మెసేజుల్ని వారానికొకసారి ఆఫీసు కంప్యూటరులోకి దించి, ఏ ఫైల్లో పెట్టామో రాసి చూద్దామని ప్రస్తుతానికి అనుకున్నాం. మొదటిసారి దించడం ఈ శనివారం.